ఓట్స్, కొవ్వు భోజనం, రక్తనాళాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఓట్స్ గుండెకు మంచివని, కొవ్వు ఎక్కువైతే రక్తనాళాలకు చేటని అందరికీ తెలుసు. ఎంత మంచి, ఎంత చేటు, ఒకటి తింటే రెండోది సర్దుకుంటుందా అనేసరికి మాత్రం అవే అనుమానాలు తిరిగి తిరిగి వస్తుంటాయి. ఎక్కువగా వచ్చేవాటికి ఇక్కడ జవాబులు రాశాను. వరుసగా చదవాల్సిన పని లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

## ముందుగా, రక్తనాళాల్లో ఏం జరుగుతుంది

కొవ్వు ఎక్కువ తింటే అది వెళ్లి రక్తనాళాలకు అంటుకుంటుందా?

డ్రైనేజీ పైపులో జిడ్డు పట్టినట్టు పడుతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. తిన్న కొవ్వు పేగుల్లో జీర్ణమై, కైలోమైక్రాన్లు అనే అతి చిన్న బిందువులుగా మారి రక్తంలో కలుస్తుంది. ఆ సమయంలో రక్తం తీసి గొట్టంలో కాసేపు కదపకుండా ఉంచితే తేడా కంటికే కనిపిస్తుంది: పైకి తేలిన ద్రవం లేత పసుపు రంగులో తేటగా ఉండాల్సింది పోయి తెల్లగా, మసకగా ఉంటుంది. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో తిరిగే కొవ్వు, 3-4 గంటలకు బాగా పెరిగి, ఆరోగ్యవంతుల్లో 6-8 గంటలకల్లా మళ్లీ దిగుతాయి. ఆ కొన్ని గంటలూ నాళం పనితీరు కాస్త మందగిస్తుంది. పూడిక సంగతి వేరు. రక్తంలో ఎక్కువగా తిరిగే ఎల్‌డీఎల్ (చెడు కొలెస్టరాల్) కణాలు నాళం గోడ లోపలికి చొరబడి, అక్కడ చిక్కుకుని, ఏళ్ల తరబడి పెరిగితే ఏర్పడేది అది.

ఎండోథీలియం అని పదే పదే వింటున్నాం. ఏమిటది?

రక్తనాళాల లోపలి వైపు ఒకే ఒక్క కణం మందాన పరుచుకుని ఉండే పొర. వట్టి అస్తరు అని చాలాకాలం అనుకున్నారు. ఆ పొరను తీసేస్తే నాళం వదులయ్యే గుణం పోతుందని 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ చూపించాక ఆ అభిప్రాయం మారింది. ఈ కణాలు నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుదల చేస్తాయి. అది పక్కనున్న కండరాన్ని సడలించి నాళాన్ని వెడల్పు చేస్తుంది, ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకోకుండా ఆపుతుంది. ఈ పరిశోధనకే ఫర్చ్‌గాట్‌తో పాటు లూయిస్ ఇగ్నారో, ఫెరిడ్ మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. పొగతాగడం, షుగర్, బీపీ, ఎల్‌డీఎల్ ఎక్కువ కావడం, వీటిలో ఏది ఉన్నా పూడికకు చాలా ముందే దెబ్బతినేది ఈ పొరే.

ఒక్క భోజనంతో నాళాలు మందగించాయని ఎలా కనిపెట్టారు?

చేతి మీద, నొప్పి లేకుండా. మనిషిని పడుకోబెట్టి, మోచేతికి కాస్త పైన ఉండే ధమని వెడల్పును అల్ట్రాసౌండ్‌తో కొలుస్తారు. తర్వాత ముంజేతికి బీపీ పట్టీ చుట్టి, రక్తం ఆగిపోయేంత గాలి నింపి 5 నిమిషాలు ఉంచుతారు. చెయ్యి పాలిపోయి తిమ్మిరెక్కుతుంది. పట్టీ వదలగానే రక్తం ఒక్కసారిగా దూసుకొస్తుంది. ఆ ఒరిపిడికి ఎండోథీలియం నైట్రిక్ ఆక్సైడ్‌ను వదులుతుంది, ధమని వెడల్పవుతుంది. సుమారు నిమిషం తర్వాత మళ్లీ కొలిచి, ఎంత శాతం పెరిగిందో లెక్కగడతారు. దీన్ని ఎఫ్‌ఎండీ అంటారు, 1992 నుంచి వాడుకలో ఉంది. 4 మిల్లీమీటర్ల ధమని 6 శాతం వెడల్పయిందంటే పెరిగింది పావు మిల్లీమీటరు కూడా కాదు. కొలిచేవాళ్ల చెయ్యి కాస్త కదిలినా లెక్క తప్పుతుంది. ఇలాంటి పరిశోధనల ఫలితాలు చదివేటప్పుడు ఈ విషయం గుర్తుంచుకోవాలి.

1997లో అమెరికాలో రాబర్ట్ వోగెల్ బృందం 10 మంది ఆరోగ్యవంతులకు ఒకరోజు 50 గ్రాముల కొవ్వున్న 900 క్యాలరీల ఫాస్ట్‌ఫుడ్ అల్పాహారం, ఇంకోరోజు అన్నే క్యాలరీలతో కొవ్వు లేని అల్పాహారం పెట్టింది. కొవ్వు తిన్న రోజు, కొన్ని గంటల్లో ధమని వెడల్పయ్యే శక్తి దాదాపు సగానికి పడిపోయింది. రెండో రోజు మార్పు లేదు. తర్వాత వచ్చిన అధ్యయనాల్లో తగ్గుదల అంత పెద్దగా కనిపించనివీ, అసలు కనిపించనివీ ఉన్నాయి. మొత్తమ్మీద ప్రభావం నిజమే, దాని తీవ్రత మాత్రం మనిషిని బట్టి, భోజనాన్ని బట్టి మారుతుంది.

అయితే కొవ్వు లేకుండా తింటే నాళాలకు ఏ ఇబ్బందీ లేనట్టేనా?

కాదు. తీపి పానీయాలతో, మెత్తటి పిండి పదార్థాలతో గ్లూకోజ్ ఒక్కసారిగా పెరిగినా ఎండోథీలియం మందగిస్తుందని చాలా పరిశోధనల్లో తేలింది. షుగర్ ఉన్నవాళ్లలో ఇది ఇంకా ఎక్కువ. ‘ఫ్యాట్ ఫ్రీ’ అని రాసున్న డబ్బా వెనక చక్కెర ఎంతుందో కూడా చూడండి.

ఆలివ్ నూనె, చేపల నూనె లాంటి మంచి కొవ్వులకూ ఇదే వర్తిస్తుందా?

తిన్న వెంటనే ట్రైగ్లిజరైడ్లు పెరగడం ఏ కొవ్వుతోనైనా ఉంటుంది. బ్రెడ్డుతో కలిపి పెద్ద మోతాదులో ఆలివ్ నూనె ఇచ్చినప్పుడు కూడా ఎఫ్‌ఎండీ తగ్గిన అధ్యయనం ఉంది. దాన్ని చూసి ఆలివ్ నూనె మానేయడం తొందరపాటు. నెలలు, ఏళ్ల లెక్కలో వెన్న, కొవ్వు మాంసం లాంటి సంతృప్త కొవ్వుల బదులు అసంతృప్త కొవ్వులు వాడితే ఎల్‌డీఎల్ తగ్గుతుంది, గుండెజబ్బులూ తగ్గుతాయి. ఒక పూట కొలతకూ దీర్ఘకాల ఫలితానికీ పొంతన కుదరనప్పుడు నేను రెండోదాన్నే నమ్ముతాను. నూనెను గట్టిపరిచేటప్పుడు పుట్టే ట్రాన్స్ కొవ్వుల విషయంలో మాత్రం రెండు లెక్కలూ చెడ్డవే. మొత్తం క్యాలరీల్లో వాటి వాటా 1 శాతం కూడా దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

## ఒక్క పూట సంగతి

రాత్రికి విందు ఉంది. ముందు ఓట్స్ తినేస్తే విరుగుడుగా పనిచేస్తుందా?

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. ఈ ఆశకు మూలం 2001లో డేవిడ్ కాట్జ్ బృందం ప్రచురించిన అధ్యయనం. 50 మంది ఆరోగ్యవంతులకు కొవ్వు భోజనంతో పాటు ఓట్స్, గోధుమ సీరియల్, విటమిన్ ఇ, వీటిలో ఒక్కోసారి ఒక్కోటి ఇచ్చి చూశారు. గోధుమతో తిన్నప్పుడు ఎఫ్‌ఎండీ తగ్గింది. ఓట్స్‌తో, విటమిన్ ఇతో తిన్నప్పుడు అంతగా తగ్గలేదు.

‘ఓట్స్ రక్తనాళాలను కాపాడతాయి’ అనే మాట అక్కడినుంచి పాకింది. అదే ఏడాది అదే బృందం ఇంకో అధ్యయనం చేసింది. అందులో ఓట్స్ గానీ పొట్టు తీయని గోధుమ గానీ నెలపాటు రోజూ తిన్నాక కొవ్వు భోజనం పెడితే, రెండు గుంపుల్లోనూ నాళాలు బాగానే తట్టుకున్నాయి. అంటే గొప్పదనం ఓట్స్ ఒక్కదానిదే అనుకోవడానికి లేదు. ముడి ధాన్యం రోజూ తినడంలోనే చాలా మేలు ఉండొచ్చు.

కాబట్టి విందుకు ముందు ఓట్స్ తింటే నష్టం లేదు. కడుపు కాస్త నిండి, విందులో తక్కువ తింటే అదే పెద్ద లాభం. ‘ఓట్స్ తిన్నాను కదా’ అని ఇంకో ప్లేటు వేసుకుంటే మాత్రం లెక్క తిరగబడుతుంది. పీచు కొవ్వు అరుగుదలను కాస్త నెమ్మదింపజేస్తుందేమో గానీ, తిన్న కొవ్వును మాయం చేయదు.

విటమిన్ ఇ కూడా పనిచేసిందంటున్నారు. మాత్ర వేసుకుంటే పోలా?

వద్దు. కొన్ని గంటల పాటు ఎఫ్‌ఎండీని కాపాడిన విటమిన్ ఇ, గుండెపోట్లను మాత్రం ఆపలేకపోయింది. 2000లో వెలువడిన హోప్ ట్రయల్‌లో 9,500 మందికి పైగా ముప్పున్నవాళ్లను నాలుగేళ్లకు పైగా గమనించారు. విటమిన్ ఇ వేసుకున్నవాళ్లకు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకు తేడా లేదు. తర్వాత ఇంకో పెద్ద ట్రయల్‌లో విటమిన్ ఇ వాడిన మగవాళ్లలో ప్రొస్టేట్ క్యాన్సర్ కాస్త పెరిగింది కూడా.

బాగా తినేశాను. ఇప్పుడేం చేయాలి?

నడవండి. కొవ్వు భోజనం తిన్న 2 గంటల తర్వాత 45 నిమిషాలు చురుగ్గా నడిచినవాళ్లలో ఎఫ్‌ఎండీ పడిపోకుండా మెరుగైనట్టు 2006లో ఒక చిన్న అధ్యయనం చూపింది. ముందురోజు వ్యాయామం చేసి ఉన్నా మరుసటి రోజు భోజనం తర్వాత ట్రైగ్లిజరైడ్లు తక్కువగానే పెరుగుతాయి. తిన్న వెంటనే పరుగెత్తక్కర్లేదు, చురుకైన నడక చాలు. ఆ పైన సిగరెట్ వెలిగించకండి. ఒక్క సిగరెట్ కూడా ఎండోథీలియాన్ని అప్పటికప్పుడు మందగింపజేస్తుంది.

భారీగా తిన్నప్పుడల్లా ఛాతీ పట్టేసినట్టు ఉంటుంది. గ్యాసేనా?

గ్యాస్ అని మీకు మీరే తేల్చేసుకోవద్దు. భోజనం తర్వాత జీర్ణకోశానికి రక్తం ఎక్కువగా కావాలి, గుండె మీద పని పెరుగుతుంది. గుండె ధమనుల్లో అప్పటికే ఇరుకు ఉంటే ఆ సమయంలోనే నొప్పి తెలియొచ్చు. ఛాతీలో బరువు లేదా బిగింపు, చేతికి, దవడకు, వీపుకు పాకే నొప్పి, చెమటలు, ఆయాసం, వీటిలో ఏది కొన్ని నిమిషాలకు మించి ఉన్నా వెంటనే అత్యవసర వైద్యానికి వెళ్లండి. యాంటాసిడ్ వేసుకుని తగ్గుతుందేమో చూద్దామని కూర్చోవద్దు. షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో గుండెపోటు ఒక్కోసారి ఛాతీ నొప్పి లేకుండా వట్టి వికారంతో, నీరసంతో కూడా రావచ్చు.

## రోజూ తినడం మొదలుపెట్టాక

రోజుకు ఎన్ని ఓట్స్ తినాలి?

కొలవాల్సింది ఓట్స్‌ను కాదు, అందులోని బీటా గ్లూకాన్ అనే కరిగే పీచును. రోజుకు 3 గ్రాములు అందాలి. అమెరికా ఎఫ్‌డీఏ 1997లో ఓట్స్ ప్యాకెట్ల మీద గుండె ఆరోగ్యం గురించి రాసుకోవడానికి అనుమతిచ్చింది ఈ మోతాదు ఆధారంగానే. రోల్డ్ ఓట్స్‌లో బీటా గ్లూకాన్ సుమారు 4 శాతం ఉంటుంది కాబట్టి, పచ్చివి 75 గ్రాములు తూచితే 3 గ్రాములు వస్తుంది. ఓట్ బ్రాన్ (ఓట్స్ తవుడు) అయితే దాదాపు సగం చాలు. రెండు పూటలుగా తిన్నా ఫర్వాలేదు. పొద్దున నాలుగు చెంచాలు పాలలో వేసుకుని ‘రోజూ ఓట్సే తింటున్నా’ అనేవాళ్లకు అందేది ఇందులో చిన్న ముక్కే.

ఇవి కొలెస్టరాల్‌ను ఎలా తగ్గిస్తాయి?

ఓట్స్ ఉడికించి చల్లారనిస్తే గరిటెకు తీగలా సాగే జిగురు పడుతుంది కదా, పని చేసేది అదే. పేగుల్లో ఆ జిగురు పైత్యరస ఆమ్లాలను చుట్టేసి మలంతో బయటికి పంపిస్తుంది. మామూలుగా అయితే వాటిలో చాలా భాగాన్ని శరీరం వెనక్కి పీల్చుకుని మళ్లీ వాడుకుంటుంది. పోయినవాటి స్థానంలో కొత్తవి తయారు చేయడానికి కాలేయానికి కొలెస్టరాల్ కావాలి. దానికోసం రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను లాక్కుంటుంది. బీటా గ్లూకాన్‌లో కొంత భాగాన్ని పెద్దపేగులోని బ్యాక్టీరియా పులియబెడుతుంది కూడా, కానీ కొలెస్టరాల్ తగ్గడానికి ముఖ్య కారణం మొదటిదే.

ఎన్నాళ్లకు, ఎంత తగ్గుతుంది?

రోజూ 3 గ్రాముల బీటా గ్లూకాన్ అందితే 4-6 వారాల్లో ఎల్‌డీఎల్ సుమారు 5-7 శాతం తగ్గుతుంది. అంటే 160 ఉన్నవాళ్లకు 150 అవుతుంది. తక్కువే. కానీ మందు లేకుండా, ఒక్క అల్పాహారం మార్చడంతో వచ్చిన తగ్గుదల ఇది. తినడం ఆపితే అదీ పోతుంది. హెచ్‌డీఎల్ (మంచి కొలెస్టరాల్), ట్రైగ్లిజరైడ్లలో చెప్పుకోదగ్గ మార్పు ఆశించవద్దు.

నేను తింటూనే ఉన్నాను, అయినా తగ్గలేదే?

ముందు మోతాదు తూచి చూడండి, కళ్లతో అంచనా వేయకండి. తర్వాత, ఓట్స్ దేని బదులు తింటున్నారో చూడండి. వెన్న రాసిన బ్రెడ్, సాసేజ్ మానేసి ఓట్స్ తింటే రెండు వైపులా లాభం. అవన్నీ తింటూనే పైన ఇంకో గిన్నె ఓట్స్ చేరిస్తే పెరిగేది బరువే. 100 గ్రాముల ఓట్స్‌లో సుమారు 380 క్యాలరీలు ఉంటాయి. ఓట్స్‌లో మీరు కలిపే చక్కెర, మీగడ కూడా లెక్కలోకి వస్తాయి. ఇవన్నీ సరిగ్గానే ఉండి ఎల్‌డీఎల్ 190కి పైనే ఉంటే, వంశపారంపర్యమేమో డాక్టర్ చేత చూపించుకోవాలి. అలాంటి కొలెస్టరాల్ ఆహారంతో ఒక పట్టాన దిగదు.

స్టీల్ కట్, రోల్డ్, ఇన్‌స్టంట్‌లలో ఏది కొనాలి?

కొలెస్టరాల్ కోసమైతే ఏదైనా ఫర్వాలేదు, చక్కెర కలపనిది చాలు. గింజను ముక్కలుగా కోస్తే స్టీల్ కట్, ఆవిరి పట్టి చదును చేస్తే రోల్డ్, ఇంకా పల్చగా నొక్కితే ఇన్‌స్టంట్. పల్చబడేకొద్దీ త్వరగా అరిగి గ్లూకోజ్ త్వరగా పెరుగుతుంది కాబట్టి షుగర్ ఉన్నవాళ్లు మొదటి రెండిట్లో ఒకటి ఎంచుకోవడం మేలు. ఓట్ బిస్కెట్లు, పేల్చిన సీరియల్స్ సంగతి వేరు. విపరీతమైన వేడిలో, ఒత్తిడిలో బీటా గ్లూకాన్ పొడవాటి అణువులు తెగిపోతే జిగురు తగ్గుతుంది. అలా బాగా తెగిన బీటా గ్లూకాన్ ఎల్‌డీఎల్‌ను సగం మాత్రమే తగ్గించిందని 2010లో ఒక అధ్యయనంలో తేలింది. పైగా బిస్కెట్లలో వెన్న, చక్కెర ఉండనే ఉంటాయి.

ఓట్స్ వల్ల ఇప్పటికే ఉన్న పూడిక కరుగుతుందా?

కరగదు. బాగా శక్తిమంతమైన మందులతో ఎల్‌డీఎల్‌ను చాలా కిందికి దించినప్పుడు కూడా పూడిక తగ్గేది కొద్దిగానే. ఓట్స్ చేయగలిగింది పూడిక పెరిగే వేగాన్ని తగ్గించడంలో ఒక చెయ్యి వేయడం. ‘నాళాలను శుభ్రం చేసే ఆహారాలు’ అనే వీడియోలు చూసి పరీక్షలు వాయిదా వేసుకోవద్దు.

గుడ్లు మానేసి ఓట్స్ తినాలా?

ఆరోగ్యంగా ఉన్నవాళ్లు మానక్కర్లేదు. 2005లో 49 మంది ఆరోగ్యవంతులకు ఆరు వారాలు రోజూ 2 గుడ్లు, మరో ఆరు వారాలు ఓట్స్ ఇచ్చి పోల్చారు. గుడ్ల వల్ల ఎఫ్‌ఎండీ తగ్గలేదు, కొలెస్టరాల్ పెరగలేదు. ఓట్స్‌తో కొలెస్టరాల్ తగ్గింది. షుగర్ లేదా ఎల్‌డీఎల్ ఎక్కువ ఉన్నవాళ్లు ఎన్ని గుడ్లు తినాలన్నది డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకోవడం మంచిది.

తిన్నప్పటి నుంచి కడుపు ఉబ్బరంగా ఉంది. మానేయనా?

ఒక్కసారిగా ఎక్కువ పీచు తింటే చాలామందికి అంతే. సగానికి తగ్గించి, రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచండి. నీళ్లు బాగా తాగండి.

గ్లూటెన్ పడనివాళ్లు తినొచ్చా?

స్వచ్ఛమైన ఓట్స్‌లో గోధుమ గ్లూటెన్ ఉండదు. కానీ పొలంలో, మిల్లులో గోధుమ, బార్లీ కలిసిపోతుంటాయి. సీలియాక్ వ్యాధి ఉన్నవాళ్లు గ్లూటెన్ ఫ్రీ అని ధ్రువీకరించిన ప్యాకెట్లే తీసుకోవాలి. వాళ్లలో కొద్దిమందికి ఓట్స్‌లోని అవెనిన్ అనే ప్రొటీన్ కూడా పడదు, కాబట్టి డాక్టర్‌ను అడిగే మొదలుపెట్టాలి.

## పరీక్షలు, మందులు

రాత్రి విందు, పొద్దున లిపిడ్ టెస్ట్. రిపోర్ట్ తప్పుగా వస్తుందా?

ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్ మీద ఒక్క భోజనం ప్రభావం స్వల్పం. మారేవి ట్రైగ్లిజరైడ్లు. మామూలు భోజనానికి అవి సగటున 26 యూనిట్ల వరకూ పెరుగుతాయి, భారీ విందు తర్వాత ఇంకా ఎక్కువ. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవరు, ట్రైగ్లిజరైడ్లను వాడి లెక్కగడతారు. అవి 400 దాటితే ఆ లెక్క పనికిరాదు. పరగడుపున చేయించుకుంటే ట్రైగ్లిజరైడ్లు 150 లోపు, తిన్నాక అయితే 175 లోపు ఉండాలి. 500 దాటితే క్లోమానికి వాపు వచ్చే ప్రమాదం మొదలవుతుంది, ఆలస్యం చేయకుండా చూపించుకోండి. టెస్ట్ ముందురోజు మామూలుగా ఎలా తింటారో అలాగే తినండి. ఆ ఒక్కరోజు పథ్యం చేస్తే రిపోర్ట్ చూసి మురిసిపోవడమే తప్ప ఉపయోగం లేదు.

ఓట్స్ తింటున్నాను కాబట్టి స్టాటిన్ (కొలెస్టరాల్ తగ్గించే మందు) ఆపేయొచ్చా?

మీ అంతట మీరు ఆపొద్దు. స్టాటిన్లు మోతాదును బట్టి ఎల్‌డీఎల్‌ను 30 నుంచి 50 శాతం పైగా తగ్గిస్తాయి, ఓట్స్ 5-7 శాతం. ఒకసారి గుండెపోటో, పక్షవాతమో వచ్చినవాళ్లు, స్టెంట్ వేయించుకున్నవాళ్లు మందు ఆపితే ప్రమాదం. రెండూ కలిపి వాడుకోవడానికి అడ్డేమీ లేదు.

మందులు ఓట్స్‌తో పాటే వేసుకోవచ్చా?

కాస్త ఎడం పాటించండి. పీచు కొన్ని మందులను సరిగ్గా ఒంటబట్టనివ్వదు. లోవాస్టాటిన్‌తో పాటు ఓట్ బ్రాన్ తిన్నవాళ్లలో మందు పనితనం తగ్గినట్టు 1991లోనే గమనించారు. థైరాయిడ్ మాత్ర అయితే ఎలాగూ పరగడుపునే వేసుకోవాలి, కనీసం అరగంట ఆగి ఓట్స్ తినాలి. షుగర్ మందులు వాడేవాళ్లు అల్పాహారం మార్చిన కొత్తలో గ్లూకోజ్ కాస్త తరచుగా చూసుకోవాలి.

నేనూ ఎఫ్‌ఎండీ టెస్ట్ చేయించుకోవాలా?

అక్కర్లేదు. అది పరిశోధనలకు పనికొచ్చే పరీక్ష. మనుషుల గుంపులను పోల్చడానికి బాగుంటుంది గానీ, ఒక మనిషికి ఒకరోజు వచ్చిన అంకెను బట్టి చికిత్స నిర్ణయించడానికి పనికిరాదు. నిద్ర చాలకపోయినా, కాఫీ తాగి వెళ్లినా, గదిలో చలి ఎక్కువైనా అంకె మారిపోతుంది. ఆ డబ్బుతో బీపీ, షుగర్, లిపిడ్ పరీక్షలు చేయించుకోండి. మీ రక్తనాళాల గురించి డాక్టర్ నిర్ణయం తీసుకునేది వాటిని, మీ వయసును, పొగ అలవాటును, కుటుంబ చరిత్రను చూసే.